హైదరాబాద్‌లో ఫుడ్ వాక్ పెట్టుకుంటున్నారా? ముందు బిర్యానీని లిస్టులోంచి తీసేయండి

తిండి మీద ఇష్టం ఉన్న నలుగురు హైదరాబాద్‌లో ఒక చోట చేరితే ఎప్పుడో ఒకప్పుడు ఆ మాట వస్తుంది: "ఒకరోజు పాతబస్తీ అంతా తిరిగి తిందాం." తేదీ కూడా కుదురుతుంది. అందరూ వస్తారు. వచ్చి మొదటి హోటల్లోనే తలా ఒక సింగిల్ బిర్యానీ చెప్పేస్తారు. ఇంకేముంది, ఆ తర్వాత ఎవరికీ నడవాలని ఉండదు, తినాలని అసలే ఉండదు, ఒక చాయ్ తాగి ఇంటికి వెళ్లిపోతారు. బిర్యానీ బాగుండలేదని కాదు, చాలా బాగుంటుంది. కానీ అన్నం కడుపులో పడ్డాక రుచి చూసే ఓపిక పోతుంది. కుల్చా (మెత్తటి రొట్టె) ముక్కతో నహారీ (మాంసం, ఎముకల పులుసు) నంజుకున్నాక ఇంకో చోట ఇంకోటి తినగలం, ప్లేటు నిండా బిర్యానీ తిన్నాక తినలేం.

అందుకే ఫుడ్ వాక్ ప్లాన్ చేసేవాళ్లకు నేను మొదట చెప్పే మాట ఇదే: ఆ రోజుకు బిర్యానీని పక్కన పెట్టండి. దానికి వేరే రోజు, వేరే పద్ధతి ఉంది, కింద చెప్తాను. 2019లో యునెస్కో హైదరాబాద్‌ను వంటల విభాగంలో సృజనాత్మక నగరాల జాబితాలో చేర్చింది. అది ఒక్క బిర్యానీకి వచ్చిన గుర్తింపు కాదు. నహారీ, లుఖ్మీ (ఖీమా పెట్టిన నలుపలకల సమోసా), ఖుబానీ కా మీఠా (ఎండు ఆప్రికాట్ల తీపి), జౌజీ హల్వా, ఇరానీ చాయ్, జొన్నరొట్టె, మిర్చి బజ్జీ అన్నీ ఈ ఊరి రుచులే, వీటిలో చాలావాటిని ఇక్కడే పుట్టి పెరిగినవాళ్లు కూడా సరిగ్గా కూర్చుని రుచి చూసి ఉండరు.

ఇక రెండో సంగతి, ఇంకా ముఖ్యమైనది. ఒక ప్లేటు ముగ్గురికి. ఎంత ఆకలిగా ఉన్నా, ఎంత నచ్చినా అంతే. ఇది ముందే అందరికీ చెప్పి ఒప్పించాలి, అక్కడికి వెళ్లాక చెప్తే ఎవరూ వినరు. తలా రెండు మూడు ముద్దలు, బాగుంది అనిపించేలోపే లేచిపోవాలి. అలా అయితేనే ఒక పొద్దునలో ఐదారు చోట్లు తిరగగలరు. మరీ నచ్చితే పార్సిల్ కట్టించుకోండి, లేదా ఇంకో రోజు మళ్లీ రండి, హోటల్ ఎక్కడికీ పోదు. ఇంత తక్కువ చెప్తే హోటల్ వాళ్లు ఏమనుకుంటారో అని టెన్షన్ పడేవాళ్లుంటారు. ఈ ఊళ్లో చాయ్‌ని, సూప్‌ని వన్ బై టూ అని అడగడం మామూలు సంగతి, ఎవరూ వింతగా చూడరు. ఒక్కటి మాత్రం గుర్తుంచుకోండి, రద్దీ టైంలో ఆరుగురు కూర్చుని రెండు ప్లేట్లు చెప్పి అరగంట కబుర్లు పెట్టుకోవడం మర్యాద కాదు.

ఎంతమంది, ఎవరెవరు

ఆరుగురైతే బాగా కుదురుతుంది. ముగ్గురికి ఒక ప్లేటు లెక్కన రెండు ప్లేట్లు, రెండు ఆటోలు, పక్కపక్కన రెండు టేబుళ్లు. ఎనిమిది వరకు ఎలాగోలా సర్దుకోవచ్చు. అంతకు మించితే రెండు బ్యాచ్‌లు చేసి అరగంట తేడాతో అదే దారిలో పంపండి, చివర్లో ఒక చోట కలుసుకోండి. పది పన్నెండు మంది ఒకేసారి పాతబస్తీ గల్లీలో నిలబడితే బండి అతనికీ ఇబ్బందే, దారిన పోయేవాళ్లకూ ఇబ్బందే, పైగా వెనక నిలబడ్డ నలుగురికి ముందు ఏం జరుగుతోందో కూడా తెలియదు.

ఎవరిని పిలవాలి అంటే, తినే ఓపిక కంటే మాట్లాడే ఓపిక ఉన్నవాళ్లను. తిన్నది ఎలా ఉందో రెండు మాటలు చెప్పగలిగిన మనిషి కావాలి. "సూపర్", "యావరేజ్" అని ఊరుకునే వాళ్లు కూడా కొంచెం అడిగితే చెప్తారు, అది తర్వాత రాస్తాను.

పిలిచేటప్పుడే కొన్ని అడిగి రాసుకోండి. శాకాహారులు ఎవరు, గుడ్డు తింటారా, జీడిపప్పు, బాదం పడనివాళ్లున్నారా (హలీంలోనూ స్వీట్లలోనూ ఇవి తప్పకుండా తగులుతాయి), షుగర్ ఉందా, కారం ఎంతవరకు తట్టుకుంటారు, గంట నడవగలరా. అడగడానికి మొహమాటపడొద్దు.

మాంసం విషయం ఇంకా స్పష్టంగా మాట్లాడుకోవాలి. పాతబస్తీలో "బడే కా" అంటే పెద్ద పశువు మాంసం, "ఛోటే కా" అంటే మేక, గొర్రె మాంసం. నహారీ, కబాబ్ లాంటివి కొన్ని హోటళ్లలో బడే కా ఉంటాయి, కొన్నిట్లో మటన్ మాత్రమే. కల్యాణీ బిర్యానీ అంటే మాత్రం బడే కానే. బోర్డు మీద అన్ని చోట్లా రాసి ఉండదు. ఆర్డర్ ఇచ్చే ముందు "భాయ్, ఛోటే కా హై యా బడే కా?" అని ఒక్క ముక్క అడిగితే చాలు, వాళ్లు ఉన్నదున్నట్టు చెప్తారు, రోజూ వినే ప్రశ్నే కాబట్టి ఏమీ అనుకోరు. గ్రూపులో ఒక్కరు తినకపోయినా సరే అడగాల్సిందే. తిన్న తర్వాత తెలిస్తే ఆ మనిషికి ఆ రోజంతా పాడవుతుంది.

శాకాహారులు కలిసి వస్తే వాళ్లను మూల కూర్చోబెట్టి మిగతావాళ్లు తింటూ ఉండే పద్ధతి నాకు అస్సలు నచ్చదు. ఒక మాంసం స్టాప్, ఒక వెజ్ స్టాప్ చొప్పున మార్చి మార్చి పెట్టండి. చార్మినార్ చుట్టుపక్కల, కోఠీలో, మొజంజాహీ మార్కెట్‌లో అందుకు కావాల్సినన్ని చోట్లున్నాయి. ఈ పద్ధతి మాంసం తినేవాళ్లకూ మంచిదే, నోటికి కాస్త విశ్రాంతి దొరుకుతుంది.

పొద్దున దారి: నయాపూల్ నుంచి చార్మినార్ వరకు

మామూలుగా రుచి చూసేటప్పుడు తేలికైనవి ముందు, బరువైనవి తర్వాత అంటారు. పాతబస్తీ పొద్దున ఆ లెక్క పనిచేయదు. ఇక్కడ ఏది ముందు అయిపోతుందో అదే ముందు తినాలి. నహారీ రాత్రంతా సన్నని మంట మీద ఉడికి తెల్లవారేసరికి తయారవుతుంది, పొద్దెక్కేకొద్దీ గిన్నె అడుగు కనిపిస్తుంది. కాబట్టి ఏడింటికల్లా మొదటి టేబుల్ మీద ఉండాలి. ఆదివారం అయితే ఇంకా ముందే. మెట్రోలో వచ్చేవాళ్లు ఎంజీబీఎస్ స్టేషన్‌లో దిగి ఆటో పట్టుకుంటే సరిపోతుంది, కాకపోతే ఆదివారం మొదటి ట్రైన్ ఎన్నింటికో ముందు రోజే చూసుకోండి.

నయాపూల్ వంతెన దాటి మదీనా వైపు వస్తుంటే నయాబ్ హోటల్ ఉంది, పొద్దున టిఫిన్‌కు పాతబస్తీలో బాగా పేరున్న చోటు. ఆరుగురికి ఒక నహారీ, ఒక పాయా (కాళ్ల పులుసు), ఒక ఖీమా, నాలుగు కుల్చాలు చెప్పండి. అంతే. కుల్చా చిన్న ముక్క తుంచి ముందు ఏమీ కలపకుండా నహారీ పులుసులో ముంచి తినండి, తర్వాత నిమ్మకాయ పిండి మళ్లీ తినండి. రెండింటికీ ఎంత తేడా ఉందో గమనించండి. నిమ్మ పడగానే ఎముకల జిగురు వల్ల వచ్చే బరువు తగ్గి మసాలా పైకి తేలుతుంది. పాయా తినేటప్పుడు పెదవులు ఒకదానికొకటి అంటుకున్నట్టు ఉంటే కాళ్లు బాగా ఉడికాయని అర్థం. చాలామంది నహారీ, పాయా ఒకటే అనుకుంటారు, పక్కపక్కన పెట్టుకుని తింటేనే తేడా తెలుస్తుంది, అందుకే రెండూ ఒకేసారి చెప్పమంటున్నాను. ఇక్కడ ఇంకో మంచి టిఫిన్ కూడా దొరుకుతుంది, ఖిచిడీ, ఖీమా, ఖట్టా. పసుపు రంగు ఖిచిడీ, పొడి ఖీమా, నువ్వులు చింతపండు కలిపిన పల్చటి పులుసు. హైదరాబాదీ ముస్లిం ఇళ్లల్లో పొద్దున తినేది ఇదే. కానీ ఇది కూడా అన్నమే కాబట్టి వాక్‌లో వద్దు, ఇంకో పొద్దునకు దాచుకోండి.

అక్కడి నుంచి నడవండి. మదీనా చౌరస్తా నుంచి పత్తర్‌గట్టీ మీదుగా చార్మినార్ దాకా దారి నేరుగా ఉంటుంది, ఆ టైంలో షాపులు ఇంకా తెరవరు, వీధి ఖాళీగా ఉంటుంది, రాతి కమాన్లు బాగా కనిపిస్తాయి. ఈ నడకను ఆటోలో మింగేయొద్దు. కడుపులో చోటు ఏర్పడేది ఇక్కడే.

చార్ కమాన్ దగ్గరికి వచ్చాక గోవింద్ బండి. ఇది పూర్తి వెజ్. పెనం మీద దోశ వేసి, వెన్న, ఉప్మా, ఉల్లిపాయ, టమాటా, మసాలా పొడి వేసి అక్కడే గరిటెతో మెత్తగా నలిపి పరుస్తారు. తవా ఇడ్లీ కూడా ఇలాగే వెన్నలో మసాలాతో వేయిస్తారు. మన ఇళ్లల్లో చేసే దోశతో దీన్ని పోల్చొద్దు, అట్టు పల్చగా కరకరలాడాలని చూసేవాళ్లకు మొదట నచ్చకపోవచ్చు. ఇది దక్షిణాది పిండికి హైదరాబాద్ బజారు కలిపిన రుచి. ముగ్గురికి ఒక దోశ, ఆరుగురికి ఒక ప్లేటు తవా ఇడ్లీ చాలు. నిలబడి తినాలి, బండి ముందే గుంపుగా ఉండకుండా ప్లేటు తీసుకుని పక్కకు జరగండి.

గుల్జార్ హౌజ్ దగ్గరే మత్వాలే దూధ్ ఘర్ ఉంది, పైన మీగడ వేసిన లస్సీకి పేరు. ఒక గ్లాసు తెప్పించి తలా రెండు గుక్కలు తాగండి. కారం తిన్న నోరు చల్లబడుతుంది.

ఇక చాయ్. 1591లో కట్టిన చార్మినార్ నీడలో, మక్కా మసీదు పక్కన నిమ్రా కేఫ్‌లో ఇరానీ చాయ్ తాగకుండా ఏ వాక్ పూర్తికాదు, ఇందులో కొత్త సంగతి ఏమీ లేదు. కానీ తాగేటప్పుడు ఏం చూడాలో చాలామంది చూడరు. ఇంట్లో మనం నీళ్లు, పాలు, పొడి, చక్కెర అన్నీ కలిపి మరిగిస్తాం. ఇరానీ చాయ్‌లో డికాక్షన్ వేరు, పాలు వేరు. డికాక్షన్ మూత పెట్టిన గిన్నెలో సన్నటి సెగ మీద చాలాసేపు ఉంటుంది, పాలు ఇంకో గిన్నెలో మరిగి మరిగి చిక్కబడతాయి, కప్పులో పోసేటప్పుడే రెండూ కలుస్తాయి. అందుకే ఆ రంగు, అందుకే నాలుక మీద కాస్త వగరు ముందు, తర్వాత పాల తీపి. మొదటి గుక్క బిస్కెట్ లేకుండా తాగండి. తర్వాత ఉస్మానియా బిస్కెట్ ముంచుకోండి. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ పేరు మీద వచ్చిన బిస్కెట్ ఇది, తీపితో పాటు ఉప్పు కూడా తగలడమే దీని ప్రత్యేకత, ఆ ఉప్పు లేకపోతే అది వట్టి తీపి బిస్కెట్. పక్కనే ఖారీ, టై బిస్కెట్ కూడా తీసుకుని చాయ్‌లో ఏది ఎంతసేపు నిలుస్తుందో చూడండి. అక్కడ కూర్చునే చోటు తక్కువ, నిలబడే తాగాలి, కాబట్టి బ్యాగులు తేలికగా ఉండాలి.

ఓపిక ఉంటే చివరి స్టాప్ పురానీ హవేలీ. ఆటోలో దగ్గరే. అక్కడ 1851లో మొదలైందని పేరున్న మున్షీ నాన్ దుకాణంలో (మెట్రో పనుల వల్ల చోటు మారి ఉండొచ్చు, ముందే కనుక్కోండి) నాలుగు మూలల నాన్ దొరుకుతుంది, చార్ కోనీ నాన్ అంటారు. భట్టీలోంచి తీసినది తీసినట్టు ఒక మూల తుంచి ఏ కూరా లేకుండా తినండి. మిగతావి ఇంటికి కట్టించుకోండి, సాయంత్రం ఏ కూరతోనైనా బాగుంటాయి.

శుక్రవారం మధ్యాహ్నం చార్మినార్ వైపు వాక్ పెట్టుకోకండి. నమాజుకు వచ్చేవాళ్లతో దారులు నిండి ఉంటాయి, వాళ్లకు మనం అడ్డం పడకూడదు. పండగ రోజుల్లో, ఊరేగింపులున్నప్పుడు కూడా అంతే.

సాయంత్రం దారి: మొజంజాహీ మార్కెట్, కోఠీ

మాంసం తక్కువ, తీపి ఎక్కువ కావాలనుకునే గ్రూపుకు ఇది మంచిది. పిల్లలతో, పెద్దవాళ్లతో వచ్చేవాళ్లకు కూడా. మెట్రో రెడ్ లైన్‌లో ఉస్మానియా మెడికల్ కాలేజీ స్టేషన్‌లో దిగి నడిచి రావచ్చు. ఐదింటికి కోఠీలో మొదలుపెట్టి మొజంజాహీ మార్కెట్‌లో ముగించండి, తీపి చివరికి వస్తుంది.

కోఠీలో గోకుల్ చాట్ అందరికీ తెలిసిందే, పానీపూరీ, దహీవడ, సమోసా చాట్ ఏదైనా రెండు చాలు. అక్కడ ఎక్కువసేపు ఉండాల్సిన పని లేదు. మొజంజాహీ మార్కెట్ 1935లో ఏడో నిజాం కాలంలో గ్రానైట్ రాయితో కట్టింది, ఆయన రెండో కొడుకు మొజం జా పేరు పెట్టారు. దాని చుట్టూ అరగంటలో మూడు నాలుగు రుచులు చూడొచ్చు. హమీదీలో జౌజీ హల్వా కొంచెమే తీసుకోండి, వంద గ్రాములు ఆరుగురికి ఎక్కువే. గోధుమ, పాలు, నెయ్యి, జాజికాయ కలిసి ముద్దగా, ముదురు రంగులో ఉంటుంది, చాలా గట్టి తీపి. గోరంత ముక్క నోట్లో పెట్టుకుని నమలకుండా కరగనివ్వండి, జాజికాయ వాసన చివర్లో వస్తుంది. కరాచీ బేకరీ 1953లో మొదలైంది ఇక్కడే, ఫ్రూట్ బిస్కెట్ తెలియనివాళ్లు ఎవరూ ఉండరు కాబట్టి ఊరి నుంచి వచ్చిన స్నేహితులు ఉంటేనే ఆగండి.

అసలు ఆగాల్సింది ఫేమస్ ఐస్‌క్రీమ్ దగ్గర. మార్కెట్ లోపలి ఆవరణలో కుర్చీలేసి ఉంటాయి. ఇక్కడ ఏ రుచి తినాలో మీరు కాదు, నెల చెప్తుంది. ఏప్రిల్ నుంచి జూన్ దాకా మామిడి, సెప్టెంబర్ చివర నుంచి నవంబర్ దాకా సీతాఫలం. మహబూబ్‌నగర్ వైపు బాలానగర్ సీతాఫలాలు ఊళ్లోకి గంపలతో వచ్చే ఆ రెండు నెలల్లో సాయంత్రం వాక్ పెట్టుకుంటే అంతకంటే మంచిది లేదు. వీలైతే దారిలో ఒక పండిన సీతాఫలం కొని వెంట తెచ్చుకోండి, ముందు పండు గుజ్జు కొంచెం తిని తర్వాత ఐస్‌క్రీమ్ తినండి. పండు రుచి ఎంత మిగిలిందో, చక్కెర ఎంత కప్పేసిందో అప్పుడు చెప్పగలరు.

తెలుగు వంట ఎక్కడ?

నాకు చాలా ఫుడ్ వాక్‌లతో ఉన్న అసంతృప్తి ఇదే. హైదరాబాద్ రుచి అనగానే అందరూ నిజాం దగ్గర మొదలుపెట్టి నిజాం దగ్గరే ఆగిపోతారు. ఈ ఊళ్లో సాయంత్రమైతే కాలనీ రోడ్ల పక్కన ఆడవాళ్లు పొయ్యి పెట్టుకుని జొన్నరొట్టెలు కాలుస్తారు, చేత్తో తట్టి తట్టి పెనం మీద వేసి, తడిబట్టతో అద్ది, తిప్పి నిప్పుల మీద పొంగిస్తారు. అది చూడడానికే ఒక సాయంత్రం కేటాయించొచ్చు. ఒక గ్రూపుగా చేయాల్సిన పని చాలా సులువు: మీ ఏరియాలో ఇలాంటి రొట్టెల బండ్లు మూడు ఎంచుకోండి, ఒక్కో దగ్గర రెండు రొట్టెలు తీసుకోండి, ఒక్కరి ఇంట్లో నాటుకోడి పులుసు, ఇంకొకరింట్లో పచ్చిపులుసు, పప్పు చేసి పెట్టండి. రొట్టె అంచు విరుగుతోందా మడతపడుతోందా, పిండి వాసన తాజాగా ఉందా, మాడు ఎంత ఉంది, ఇవి చూడండి. జొన్నపిండి పాతబడితే చేదు తెలిసిపోతుంది.

సర్వపిండి, సకినాలు, మలీదలు లాంటివి హోటళ్లలో కంటే పిండివంటల దుకాణాల్లో, ఇళ్లల్లో బాగుంటాయి. గ్రూపులో తెలంగాణ జిల్లాల వాళ్లెవరైనా ఉంటే సంక్రాంతికి వాళ్లింటి సకినాలు తలా రెండు తెమ్మనండి. వరంగల్ ఇంటివి, కరీంనగర్ ఇంటివి పక్కపక్కన పెట్టుకుని తింటే నువ్వులు, వాము పాళ్లలోనే వాదన మొదలవుతుంది, ఆ వాదన కోసమే కదా మనం కలిసేది.

రుచి ఎలా చూడాలి, ఎలా రాసుకోవాలి

మార్కులు వేయొద్దు. పదికి ఏడు అంటే ఆ వారం తర్వాత మీకే దాని అర్థం గుర్తుండదు. లేచే ముందు ఒక్కొక్కరు ఒక్క వాక్యం చెప్పాలని నియమం పెట్టుకోండి, "బాగుంది" అనే మాట వాడకుండా. మొదట అందరూ తడబడతారు. "ఉప్పు ఎక్కువైంది", "మాంసం మెత్తగా ఉంది కానీ మసాలా లోపలికి ఎక్కలేదు", "నెయ్యి వాసన ముందే వచ్చేసింది" ఇలా రెండో స్టాప్ నుంచి మాటలు వాటంతటవే వస్తాయి. ఒకరు ఫోన్‌లో రాసుకోవాలి, తేదీ, టైం, ధర కూడా రాయాలి, ఎందుకంటే ఒకే హోటల్లో పొద్దున ఏడింటి నహారీకీ పదింటి నహారీకీ పొంతన ఉండదు.

పది రకాలు ఒక్కో చోట తినడం కంటే ఒకే రకం మూడు చోట్ల తినడం నాకు ఎక్కువ నేర్పింది. ముందే చెప్పిన బిర్యానీ పద్ధతి ఇదే. ఒకరింట్లో మధ్యాహ్నం పెట్టుకోండి. ముగ్గురు మూడు హోటళ్లకు వెళ్లి ఒంటిగంట ప్రాంతంలో, అంటే దమ్ (మూత బిగించి సన్నని సెగ మీద మగ్గించడం) తీసిన గిన్నె తాజాగా ఉండే టైంలో, ఒక్కో మటన్ బిర్యానీ తేవాలి. తినని ఒకరు వాటిని ఒకేలాంటి స్టీలు గిన్నెల్లోకి మార్చి అడుగున చీటీ అంటించాలి. మిర్చీ కా సాలన్ (బిర్యానీతో ఇచ్చే మిర్చి పులుసు), పెరుగు చట్నీ అన్నీ పక్కన పెట్టేసి ముందు అన్నం ఒక్కటే తినండి. కచ్చీ బిర్యానీలో పచ్చి మాంసం మసాలాలో నానబెట్టి, పైన సగం ఉడికిన బియ్యం పరిచి, మూతకు పిండి అంటించి దమ్ పెడతారు. కాబట్టి అన్నంలో మూడు రకాలు కనిపించాలి: పైన తెల్లగా పొడిగా, మధ్యలో రంగుతో, అడుగున మాంసం రసం పీల్చుకుని తడిగా. అన్నమంతా ఒకే రంగులో ఉంటే కలిపేశారని అర్థం. తర్వాత మాంసం ఎముక నుంచి వేలితో లాగితే వచ్చేస్తోందా చూడండి. సాలన్ ఆఖరున. పేర్లు తెలియకుండా తిన్నప్పుడు మన ఇష్టాలు ఎంత మారతాయో చూసి అందరూ ఆశ్చర్యపోతారు.

స్టాపుకీ స్టాపుకీ మధ్య మామూలు నీళ్లు తాగండి, కూల్ డ్రింకు వద్దు, దాని తీపి తర్వాతి రుచిని చంపేస్తుంది. పాన్, సోంపు కూడా అన్నీ అయ్యాకే. వెంట తెచ్చుకోవాల్సినవి: తలా ఒక స్పూను, నీళ్ల సీసా, టిష్యూలు, మిగిలింది పెట్టుకోవడానికి రెండు స్టీలు డబ్బాలు. పెనం మీంచి, పొయ్యి మీంచి వేడివేడిగా దిగినదే తినండి, కోసి పెట్టిన పండ్లు, తెరిచి ఉన్న చట్నీలు వద్దు. ముందు రాత్రి తేలిగ్గా తిని రండి, ఖాళీ కడుపుతో మాత్రం కాదు.

డబ్బులు ముందే తలా 500 వేసుకుని ఒక్కరి దగ్గర పెట్టండి, అన్నీ ఆ ఒక్కరే కట్టాలి, మిగిలింది చివర్లో పంచుకోవాలి. ప్రతి చోటా ఆరుగురు ఫోన్లు తీసి ఎవరెంత అని లెక్కలేసుకుంటుంటే సగం టైం అక్కడే పోతుంది. బండ్ల దగ్గరికి చిల్లర ఉంచుకోండి.

ఫోటోల గురించి ఒక మాట. వంట చేసే మనిషిని అడిగి తీయండి, పక్క టేబుల్ వాళ్లు, ముఖ్యంగా కుటుంబాలతో వచ్చినవాళ్లు ఫ్రేములో పడకుండా చూసుకోండి. చాలామంది వంటవాళ్లు రద్దీ లేనప్పుడు అడిగితే ఎంతో ఇష్టంగా చెప్తారు, ఎన్నింటికి పొయ్యి వెలిగించారు, బియ్యం ఏ రకం, ఎన్నేళ్లుగా ఈ పని చేస్తున్నారు. మసాలా పాళ్లు మాత్రం అడగొద్దు, అది వాళ్ల బతుకుదెరువు.

రంజాన్ నెల వేరే లెక్క

హలీం కోసం వేరే వాక్ పెట్టుకోవాలి, వేరే ఏదీ కలపకుండా. 2010లో హైదరాబాదీ హలీంకు జీఐ గుర్తింపు (ఇది ఈ ప్రాంతానిదే అని ఇచ్చే గుర్తింపు) వచ్చింది. ఇటుక, మట్టితో కట్టిన భట్టీ మీద, రాగి దేగ్చాలో, కట్టెల మంటతో పది పన్నెండు గంటలు ఉడికి, గోధుమ, మాంసం రెండూ విడదీయలేనంతగా కలిసిపోవాలి. దాన్ని పెద్ద కట్టె గుత్పాలతో దంచుతూ ఉంటారు, సాయంత్రం ఏ పెద్ద హోటల్ ముందు నిలబడినా ఆ పని కనిపిస్తుంది.

రంజాన్ ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది కాబట్టి క్యాలెండర్ చూసి, నెలలో మొదటి పది రోజుల్లో వారం మధ్యలో ఒక సాయంత్రం ఎంచుకోండి. చివరి వారంలో చార్మినార్ చుట్టూ పండగ బజారు కోసం వచ్చే జనంతో అడుగు పెట్టే చోటుండదు, అది చూడడానికి బాగుంటుంది, రుచి చూడడానికి కాదు. ఉపవాసం విడిచే టైంకు ముందు వీధిలో తింటూ నిలబడొద్దు. ఆ టైంలో కౌంటర్ దగ్గర రోజా (ఉపవాసం) ఉన్నవాళ్లకు దారివ్వండి, వాళ్లు పొద్దుటి నుంచి మంచినీళ్లు కూడా ముట్టలేదు. మగ్రిబ్ (పొద్దుగూకాక చేసే) నమాజు అయ్యాక, కాస్త రద్దీ తగ్గాక మొదలుపెట్టండి.

ఒక చోట ఒక్కటే గిన్నె, ముగ్గురికి. మూడు హోటళ్లు, అంతకు మించి ఎవరివల్లా కాదు. ముందు పైన వేసిన వేయించిన ఉల్లిపాయ, జీడిపప్పు, కొత్తిమీర పక్కకు జరిపి కింద ఉన్నది ఒక స్పూను తినండి. స్పూను ఎత్తితే సన్నని పోగుల్లా సాగాలి, నాలుకకు గింజ తగలకూడదు, మరీ పేస్టులా జారిపోకూడదు. మిరియాల ఘాటు ముందు, నెయ్యి తర్వాత. ఆ తర్వాత నిమ్మ పిండి, ఉల్లిపాయ కలిపి ఇంకో స్పూను. షుగర్, కొలెస్ట్రాల్ ఉన్నవాళ్లు ఆ రెండు స్పూన్లతో ఆగిపోవాలి, ఇందులో నెయ్యి మామూలుగా ఉండదు. రాత్రి పదింటి తర్వాత తిరిగి వెళ్లడానికి ఆటోలు దొరకడం కష్టం, మెట్రో ఆఖరి ట్రైన్ టైం చూసుకుని మూడో గిన్నె స్టేషన్‌కు దగ్గరలో ఉండేలా దారి వేసుకోండి.